ఒలింపిక్ మైదానము నుండి చైనా సేవకు: ఎరిక్ లిడెల్ గారి జీవితము

మన సంఘములలో సండేస్కూలులో పెరిగిన వారిలో ఎరిక్ లిడెల్ గారి పేరు ఒక్కసారియైనా విననివారు అరుదు. ఆదివారము ప్రభువు దినము గనుక ఆ రోజు పరుగెత్తనని చెప్పి, తరువాత వేరొక పందెములో బంగారు పతకము గెలుచుకొన్న క్రీడాకారునిగా ఆయనను ఎరుగుదుము. మా నాన్నగారు ఉపదేశకులు. ఆదివారము నాడు మా ఇంట బంతి ముట్టుకొనుటకు వీలులేదు. ఆరాధన ముగిసిన తరువాత తోటిపిల్లలు చర్చి వెనుక ఖాళీ స్థలములో ఆడుకొనుచుంటే మేము అన్నదమ్ములము అరుగు మీద కూర్చుండి చూచేవారము. ఎందుకు ఆడకూడదని అడిగితే నాన్నగారు లిడెల్ గారి కథ చెప్పేవారు. ఆ కథ పతకముతో ముగిసేది. ఇక మారు మాటాడటానికి మాకేమీ మిగిలేది కాదు.

పెద్దవాడనైన తరువాత ఆయన జీవితమును పూర్తిగా చదివాను. పతకము గెలిచేనాటికి ఆయనకు ఇరవై రెండేండ్లే. ఆ తరువాత ఇరవై సంవత్సరముల ఏడు నెలలు బ్రతికారు. ఆ మిగిలిన కథలో ఇంకొక ఆదివారమున్నది. అది నాన్నగారు చెప్పిన ఆదివారమునకు సరిగ్గా ఎదురుగా నిలిచినట్లు కనిపిస్తుంది. ఆ రెండు ఆదివారములను కలిపి చదువుకొనవలెనని నా కోరిక. అందుకే ఈ సంచికకు ఆయన జీవితమును ఎన్నుకొన్నాను.

ముందుగా ఆ క్రీడలను గూర్చి కొంత చెప్పాలి. గ్రీసు దేశములో ఒలింపియా అనే చోట నాలుగేండ్లకొకసారి జరిగిన పందెములు వెయ్యి సంవత్సరములకు పైగా సాగినవి. కొరింథు పట్టణము సమీపములో ఇస్తమియా అనే వేరొక క్రీడోత్సవము రెండేండ్లకొకసారి జరిగేది. అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన పత్రికలో పందెపు రంగమును, వాడిపోయే కిరీటమును ప్రస్తావించినప్పుడు ఆ ఊరివారికి వేరే వివరణ అవసరము లేకపోయినది. అవి వారు కన్నులారా చూచినవే. ఒలింపియా క్రీడలు దేవతల పూజలతో ముడిపడినవి గనుక క్రైస్తవ చక్రవర్తులైన థియొడోసియసుల కాలములో, అనగా నాలుగవ శతాబ్దము చివర, అయిదవ శతాబ్దము ఆరంభములో ఆగిపోయినవి.

మరల వాటిని లేపినది ఫ్రెంచి దేశస్థుడైన పియెర్ ద కూబెర్తాఁ గారు. 1894లో పారిస్‌లో సభ చేసి, 1896లో ఏథెన్సులో మొదటి ఆధునిక ఒలింపిక్ క్రీడలు జరిపించారు. ఇంకా వేగముగా, ఇంకా ఎత్తుగా, ఇంకా బలముగా అనే అర్థముగల వాటి నినాదమును మొదట తన విద్యార్థుల కొరకు వాడినవారు దిదోఁ అనే ఒక రోమను కాథలిక్కు సన్యాసి, కూబెర్తాఁ గారి స్నేహితుడు. గెలుపుకంటె పాలుపొందుటే ముఖ్యమనే మాట కూడ చర్చి వేదిక మీదనుండి వచ్చినదే. 1908లో లాంబెత్ మహాసభ కొరకు లండను వచ్చిన అమెరికా బిషప్పు ఎథెల్‌బర్ట్ టాల్బట్ గారు ఆ యేడు ఒలింపిక్ క్రీడలకు వచ్చినవారికి సెయింట్ పాల్స్ కథీడ్రలులో చేసిన ప్రసంగములోని భావమది. బిషప్పు గారి పేరును లోకము మరచింది, మాటను మాత్రము ఉంచుకొన్నది.

ఆదివారపు చిక్కు కూడ లిడెల్ గారితో మొదలైనది కాదు. 1900లో పారిస్‌లో జరిగిన క్రీడలలో లాంగ్‌జంప్ తుదిపోటీ ఆదివారము పెట్టారు. మయర్ ప్రిన్‌స్టైన్ అనే అమెరికా యువకుడు ముందురోజు అందరికంటె దూరము దుమికి మొదటి స్థానములో ఉన్నాడు. అతడు యూదుడు. కాని అతడు చదువుకొన్న విశ్వవిద్యాలయము మెథడిస్టులది. వారు ఆదివారము ఆడకూడదన్నారు గనుక ఆగిపోయాడు. మరునాడు దుమికిన వేరొకడు ఒక్క సెంటీమీటరు ఎక్కువ దూకి ప్రథమ బహుమతి తీసికొన్నాడు. తన సబ్బాతు కాని దినము కొరకు ఒక యూదుడు ప్రథమ బహుమతి పోగొట్టుకొన్న ఈ సంగతి మన ప్రసంగములలో ఎన్నడును వినలేదు.

ఇక లిడెల్ గారి సంగతి. ఎరిక్ హెన్రీ లిడెల్ గారు 1902 జనవరి 16న చైనా దేశములో టియెన్‌ట్సిన్ పట్టణములో జన్మించారు. తండ్రి జేమ్స్ లిడెల్ గారు, తల్లి మేరీ గారు స్కాట్లండువారు, లండన్ మిషనరీ సొసైటీ మిషనెరీలు. ఈ సొసైటీ మనకు కొత్త కాదు. 1805లో విశాఖపట్టణములో దిగి తెలుగువారి మధ్య పనిచేసినది, సువార్తలను మన భాషలోనికి తెచ్చుటకు పూనుకొన్నది వీరి మిషనెరీలే. కడప, గుత్తి ప్రాంతముల సంఘములు వీరి సేవా ఫలమే. అదే సొసైటీ తన మనుష్యులను చైనాకు కూడ పంపుచుండెను. ఎరిక్ గారు పుట్టుటకు రెండేండ్ల ముందే, 1900లో, అక్కడి బాక్సరు తిరుగుబాటులో అనేకమంది మిషనెరీలును వేలకొలది చైనా క్రైస్తవులును హతులైనారు. అటువంటి సమయములో ఆ దంపతులు అక్కడ నిలిచారు.

అయిదేండ్ల వయస్సులో తల్లిదండ్రులతో స్కాట్లండు వచ్చిన ఎరిక్ గారిని, అన్న రాబ్ గారిని 1908లో లండనులో మిషనెరీల కుమారుల కొరకున్న పాఠశాలలో చేర్చారు. తండ్రి, తరువాత తల్లి, చైనాకు తిరిగి వెళ్ళిపోయారు. ఆ దినములలో మిషనెరీల పిల్లలకు తల్లిదండ్రులు ఏడేండ్లకొకసారి సెలవు మీద వచ్చే చుట్టములే. మన దేశములో పనిచేసిన దొరల, దొరసానుల పిల్లల గతి కూడ అదే. వారి త్యాగమును పొగిడేటప్పుడు, హాస్టలు మంచము మీద ఉత్తరము కొరకు ఎదురుచూచిన ఆ పసివారిని కూడ లెక్కలోనికి తీసికొనవలెనని నాకు తోస్తుంది.

1920లో ఎరిక్ గారు ఎడింబరో విశ్వవిద్యాలయములో సైన్సు చదువుటకు చేరారు. అక్కడ ఆయన కాళ్ళలోని వేగము బయటపడినది. టామ్ మెకర్కర్ అనే శిక్షకుని చేతిక్రింద సాధన చేశారు. రగ్బీ ఆటలో స్కాట్లండు జాతీయ జట్టు తరపున ఏడు మ్యాచీలు ఆడారు. పరుగులో ఆయన తీరు చూడముచ్చటగా ఉండేది కాదట. తల వెనుకకు వాల్చి, నోరు తెరచి, చేతులు గాలిలో కొట్టుకొనుచు పరుగెత్తేవారు. 1923 జూలైలో లండనులో 100 గజములను 9.7 సెకండ్లలో ముగించారు. బ్రిటనులో ఆ రికార్డు 35 సంవత్సరములు నిలిచినది. అదే నెలలో స్టోక్ పట్టణములో 440 గజముల పందెము ఆరంభములోనే ప్రక్కవాడు తగిలి గడ్డి మీద పడిపోయారు. లేచేసరికి ఇరవై గజములు వెనుకబడి ఉన్నారు. అయినను అందరిని దాటి గెలిచి, గీత దాటగానే స్పృహ తప్పినంత పనైనది. ఆనాటి పత్రికలవారికి ఈ సంఘటన వ్రాసికొనుటకు చాలా దినములు సరిపోయినది.

స్వభావముచేత ఆయన సిగ్గరి. నలుగురి ముందు మాట్లాడుట ఎరుగరు. 1923 ఏప్రిల్ 6న డి.పి. థామ్సన్ అనే సువార్తికుడు పిలువగా, ఆర్మడేల్ అనే గని కార్మికుల ఊరిలో ఎనుబది మంది వరకు కూడిన చిన్న సభలో మొదటిసారి సాక్ష్యమిచ్చారు. గొప్ప ప్రసంగమేమీ కాదు. తాను ఎవరిని నమ్మినదీ, ఎందుకు నమ్మినదీ నెమ్మదిగా చెప్పి కూర్చున్నారు. తరువాత జీవితమంతయు ఆయన ప్రసంగములు అట్లే ఉండెను. ఊరూర జనము ఆయన కాళ్ళను చూడవచ్చి మాట విని వెళ్ళేవారు.

1924లో ఒలింపిక్ క్రీడలు మరల పారిస్‌కు వచ్చినవి. 100 మీటర్ల పరుగులో ఆయనే గెలుస్తారని బ్రిటను ఆశించింది. పందెముల పట్టిక వెలువడినది. 100 మీటర్ల ప్రాథమిక పోటీలు జూలై 6, ఆదివారము. ఎరిక్ గారు పరుగెత్తనన్నారు. రిలే పందెములు కూడ ఆదివారము నాటికి వచ్చుచున్నవి గనుక వాటినీ వదులుకొన్నారు. ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. 1981లో వచ్చి నాలుగు ఆస్కారు బహుమతులు పొందిన ఛారియట్స్ ఆఫ్ ఫైర్ అనే సినిమాలో, ఓడ ఎక్కుచుండగా ఆయనకు ఈ సంగతి తెలిసినట్లు చూపించారు. అది కథ రక్తి కట్టుటకు చేసిన మార్పు. నిజముగా ఆయనకు నెలల ముందే తెలుసు. నా మట్టుకు నాకు నిజమే కష్టతరముగా కనిపిస్తుంది. ఓడ మెట్ల మీద ఒక్క క్షణములో కాదనుట వేరు, నెలల తరబడి పెద్దల ఒత్తిడిని, పత్రికల ఎత్తిపొడుపులను, దేశద్రోహి అన్నంత మాటలను వినుచు ప్రతి ఉదయము లేచి అదే జవాబు మీద నిలుచుట వేరు. ఆయన ఎవరితోను వాదించలేదు. ఆదివారము పరుగెత్తే వారిని నిందించనూ లేదు. దొరికిన కాలములో తనది కాని 400 మీటర్ల పరుగుకు సాధన మొదలుపెట్టారు.

ఆ జూలై 6న తోటివారు కొలంబ్ మైదానములో పరుగెత్తుచుండగా ఎరిక్ గారు పారిస్‌లోని స్కాట్లండువారి చర్చిలో ఉన్నారు. మరునాడు 100 మీటర్ల ఫైనలులో ఆయన దేశస్థుడే అయిన హరాల్డ్ అబ్రహామ్స్ గారు గెలిచారు. 9వ తేదీన 200 మీటర్లలో ఎరిక్ గారికి మూడవ స్థానము, కంచు పతకము వచ్చింది. ఈ కంచు పతకము సంగతి మన కథలలో ఎవరును చెప్పరు.

11వ తేదీ శుక్రవారము 400 మీటర్ల ఫైనలు. ఆ ఉదయము హోటలు వదలుచుండగా జట్టుకు మాలీషు చేసే ఒకాయన ఆయన చేతిలో ఒక చీటీ పెట్టాడు. మొదటి సమూయేలు గ్రంథము రెండవ అధ్యాయములో, దేవుని ఘనపరచు వారిని గూర్చి ఏలీతో చెప్పబడిన మాట అందులో ఉన్నది. ఆ కాలములో పరుగు మొదలుపెట్టుటకు ఇప్పటివలె బ్లాకులు లేవు. ఎవరి కాళ్ళకు వారు తాపీతో మట్టిలో గుంటలు త్రవ్వుకొనేవారు. ఎరిక్ గారు తన తాపీని పోటీదారులకు ఎరువిచ్చుట, పందెమునకు ముందు ఒక్కొక్కరి చెయ్యి పట్టుకొని పలుకరించుట అలవాటు. ఆ రోజును అట్లే చేశారు. ఆయనకు అన్నిటికంటె వెలుపలి వరుస వచ్చినది. అనగా తోటివారెవరును కనబడరు, వెనుక ఎవరెంత దూరములో ఉన్నదీ తెలియదు. తుపాకి మ్రోగగానే 400 మీటర్లను 100 మీటర్ల పందెమువలె పరుగెత్తనారంభించారు. సగము దూరమునకు 22.2 సెకండ్లు. చూచేవారు ఇక కూలిపోతాడనుకొన్నారు. తల వెనుకకు వాలినది, చేతులు గాలిలో కొట్టుకొన్నవి, దూరము తగ్గుటకు బదులు పెరిగినది. 47.6 సెకండ్లలో గీత దాటారు. రెండవవాడు అమెరికాకు చెందిన ఫిచ్, 48.4. అదే రోజు సెమీ ఫైనలులో ఫిచ్ నెలకొల్పిన ఒలింపిక్ రికార్డు సాయంత్రానికి చెరిగిపోయినది. కొన్ని వారములకు ముందు ఇంగ్లండులో, కేవలము రెండు మీటర్ల పైచిలుకు ఎక్కువైన 440 గజములకు ఎరిక్ గారు తీసికొన్న కాలము 49.6 సెకండ్లు.

ఆ యేడు పారిస్ వెళ్ళిన భారత జట్టును నడిపించినవారు మదరాసు వై.ఎం.సి.ఏ.కు చెందిన హారీ క్రో బక్ గారు. 1920లో మదరాసులో వ్యాయామ శిక్షణ కళాశాలను స్థాపించినవారు ఆయనే. మన మిషను హైస్కూళ్ళలో డ్రిల్లు నేర్పిన మేష్టర్లలో పలువురు ఆ కళాశాలలో తర్ఫీదైనవారు. దోర్నకల్ తొలి బిషప్పు అజరయ్య గారు కూడ గురువు కాకమునుపు ఎన్నో ఏండ్లు వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిచేశారు. ఆటకు, ఆరాధనకు వైరమున్నదని మన పెద్దలలో కొందరు అనుకొన్నారు గాని, సువార్త చేతబట్టుకొని వచ్చినవారిలోనే బంతి చేతబట్టుకొని వచ్చినవారును ఉన్నారు.

పారిస్ నుండి తిరిగివచ్చిన వారములోనే, జూలై 17న, ఎరిక్ గారికి ఎడింబరోలో బి.ఎస్సీ. పట్టమిచ్చారు. తలకు ఆకుల కిరీటము పెట్టి, విద్యార్థులు భుజముల మీద ఎక్కించుకొని వీధుల వెంట మోసికొనిపోయారు. మరుసటి యేడు, 1925లో, అందరును ఇంకా పరుగెత్తమని అడుగుచుండగానే చైనాకు బయలుదేరారు. స్టేషనులో జనము క్రిక్కిరిసి కీర్తనలు పాడి సాగనంపారు. 1928 ఒలింపిక్ క్రీడలకు ఆయన పోలేదు.

టియెన్‌ట్సినులో ఆంగ్లో చైనీస్ కళాశాలలో పన్నెండేండ్లు సైన్సు బోధించారు, ఆటలు నేర్పారు, సండేస్కూలు నడిపారు. 1932లో సెలవు మీద స్కాట్లండులో ఉండగా గురువుగా అభిషేకము పొందారు. 1934లో కెనడా మిషనెరీల కుమార్తె ఫ్లారెన్సు మెకెంజీ గారిని వివాహమాడారు. ఇద్దరు కుమార్తెలు కలిగారు. ఈ పన్నెండేండ్లను గూర్చి చెప్పుకొనుటకు పెద్ద సంఘటనలు లేవు. ప్రయోగశాల, తరగతి గది, బైబిలు స్టడీ, అంతే. మన మిషను పాఠశాలలలో నలుబది ఏండ్లు ఒకే బెంచీల ముందు నిలిచిన అయ్యగార్లకు, అమ్మగార్లకు ఈ భాగము బాగుగా అర్థమవుతుంది.

1937లో జపాను సైన్యము చైనా మీద దండెత్తింది. ఉత్తర మైదానములో షియావ్‌చాంగ్ అనే పల్లెటూరి మిషనుకు మనుష్యులు కరవైనారు. అన్న రాబ్ గారు అప్పటికే అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. భార్యాబిడ్డలు రావడానికి వీలులేని యుద్ధభూమి అది. ఎరిక్ గారు వెంటనే ఒప్పుకొనలేదు. తాను పట్టణపు అధ్యాపకుడను, పల్లె సేవకు తగుదునా అని చాలా కాలము తటపటాయించి, చివరకు కుటుంబమును టియెన్‌ట్సినులో ఉంచి వెళ్ళారు. ఒక ప్రక్క జపాను సైన్యము, ఒక ప్రక్క చైనా గెరిల్లాలు, నడుమ దొంగల గుంపులు. సైకిలు మీద, కాలినడకన ఊరూర తిరిగి సంఘములను పలుకరించేవారు.

1939 ఫిబ్రవరిలో జరిగినదొకటి చెప్పాలి. ఒక పల్లెలో పాడుబడిన గుడిలో గాయపడిన మనిషి అయిదు దినములుగా పడియున్నాడని తెలిసినది. జపానువారికి తెలిస్తే ప్రాణము పోతుందని ఎవరును ఇంటికి చేర్చుకొనలేదు. ఒక చైనా బండివానిని బ్రతిమాలుకొని ఎరిక్ గారు బయలుదేరారు. రాత్రి పాత దుప్పటి కప్పుకొని పడుకొని, సైనికులు ఎదురైతే ఏమి చెప్పాలా అని ఆలోచించుచు చైనా భాషలోని క్రొత్త నిబంధన తెరవగా లూకా 16వ అధ్యాయము వచ్చినదట, స్వల్పమైనదానిలో నమ్మకముగా ఉండుటను గూర్చిన భాగము. నిజమే చెప్పుటకు నిశ్చయించుకొన్నారు. ఆ మనిషిని బండి మీద వేసికొని వచ్చుచుండగా దారిలో ఇంకొకడున్నాడని విన్నారు. తలలు నరుకుటకు ఆరుగురిని పట్టుకొనగా, అయిదుగురు మోకాళ్ళూని హతులైనారు, ఆరవవాడు మోకాలు వంచలేదు. అధికారి కత్తి మెడ నుండి నోటి వరకు చీల్చినది. చచ్చాడనుకొని వదలివేశారు. అతనిని కూడ అదే బండి మీద ఎక్కించారు. పైన విమానము తిరుగుచుండగా, మైలు దూరములో సైన్యము కదలుచుండగా, ఇద్దరిని ఆసుపత్రికి చేర్చారు. మొదటివాడు రెండు దినములకు చనిపోయాడు. రెండవవాడు బ్రతికాడు. అతడు చిత్రకారుడు. కోలుకొన్న తరువాత ఒక పెద్ద పియొనీ పువ్వును గీసి ఎరిక్ గారికి ఇచ్చాడు.

యుద్ధము పెద్దదగుట చూచి, 1941లో ఫ్లారెన్సు గారిని, పిల్లలను కెనడాకు పంపించారు. అప్పటికి ఆమె గర్భవతి. ఆ సెప్టెంబరులో పుట్టిన మూడవ కుమార్తెను ఆయన చూడనేలేదు. ఆయన ఎందుకు వెంట వెళ్ళలేదని అడుగువారున్నారు. ఆ ప్రశ్నకు తేలికగా జవాబు చెప్పేవారిని నేను నమ్మను. తన సంఘమును విడిచిపోలేదు, నిజమే. ముగ్గురు బిడ్డలు తండ్రి లేక పెరిగారు, అదియు నిజమే.

1943 మార్చిలో జపానువారు ఆయనను తక్కిన విదేశీయులతోపాటు షాన్‌టుంగ్ రాష్ట్రములోని వెయ్‌షియన్ నిర్బంధ శిబిరమునకు పంపారు. అది ఒకప్పటి అమెరికా ప్రెస్బిటేరియను మిషను ఆవరణము. కొన్ని ఎకరముల స్థలములో 1,500 మందికి పైగా. వర్తకులు, మిషనెరీలు, కాథలిక్కు గురువులు, సన్యాసినులు, వాద్యగాండ్రు, తాగుబోతులు, తల్లిదండ్రులకు దూరముగా చీఫూ మిషను పాఠశాల నుండి తేబడిన పిల్లలు. ఎరిక్ గారు ఉదయము చీకటిలో వేరుశనగ నూనె దీపము వెలిగించుకొని తోటివానితో బైబిలు చదివి దినము మొదలుపెట్టేవారు. తరువాత పిల్లలకు లెక్కలు, సైన్సు. పుస్తకములు లేవు గనుక రసాయనశాస్త్రము పాఠములను ప్రయోగశాల పరికరముల బొమ్మలతో సహా తానే వ్రాసి ఇచ్చారు. ముసలివారికి నీళ్ళు మోసేవారు. చెడు బ్రతుకు బ్రతికినదని అందరు ఎడముగా ఉంచిన ఒక రష్యను స్త్రీ గదిలో సామానుకు అలమార బల్ల కొట్టి ఇచ్చారు. తననుండి ఏమియు ఆశించక పని చేసిన మొదటి మగవాడు ఆయనేనని ఆమె తరువాత చెప్పుకొన్నది. పిల్లలకు ఆయన అంకుల్ ఎరిక్. సాయంత్రములు ఆటలు ఆడించి, విరిగిన హాకీ కర్రలకు గుడ్డపీలికలు చుట్టి బాగుచేసేవారు.

ఇక నేను మొదట చెప్పిన రెండవ ఆదివారము. ఆటలకు పెద్ద ఆయనే గనుక శిబిరములో ఆదివారము ఆటలు లేవు. ఆటవస్తువుల గది తాళము తీసేవారు కారు. పిల్లలకు విసుగు పుట్టినది. ముళ్ళతీగల మధ్య ఆదివారము మధ్యాహ్నము ఎంత పొడవుగా ఉంటుందో అరుగు మీద కూర్చున్న నాకు కొంత తెలుసు. ఒక ఆదివారము వారు తమంతట తామే ఆడపిల్లలు ఒక జట్టు, మగపిల్లలు ఒక జట్టుగా హాకీ మొదలుపెట్టారు. రిఫరీ లేడు. ఆట కొట్లాటగా మారినది. ఎరిక్ గారు కోప్పడలేదు, ప్రసంగము చేయలేదు. మరుసటి ఆదివారము ఈల పట్టుకొని మైదానములోనికి వచ్చి రిఫరీగా నిలుచున్నారు.

లోకమంతా చూచుచుండగా బంగారు పతకము కొరకైనను ఆదివారము మైదానములోనికి అడుగుపెట్టనివాడు, చిరిగిన బట్టలతో ఉన్న కొంతమంది పిల్లలు ఒకరినొకరు కొట్టుకొనకుండ చూచుటకు అడుగుపెట్టారు. ఆయన నియమము సడలినదని అనేవారున్నారు. నేనట్లనుకొనను. పారిస్‌లో విడిచినది తన పేరును, తన పతకమును. వెయ్‌షియన్‌లో విడిచినది తన కట్టుబాటును, అది కూడ ఇతరుల బిడ్డల కొరకు. ఆ రెండింటిలో ఏది కష్టమో నాకు తెలియదు. రెండవదే అని కొన్నిసార్లు అనిపిస్తుంది. ఆదివారము ఉద్యోగ పరీక్షలు పడినప్పుడు మన పిల్లలు హాలుటిక్కెట్టు చేతబట్టుకొని పాస్టరుగారి దగ్గరకు వచ్చి ఏమి చేయమంటారని అడుగుచున్నారు. వారికి ఈ జీవితములో ఒక్కమాట జవాబు దొరకదు. పారిస్ కథను మాత్రమే చెప్పి పంపివేయుట వారికి న్యాయము కాదని మాత్రము చెప్పగలను. నాన్నగారికి ఈ హాకీ సంగతి తెలిసియుండదు. తెలిస్తే ఏమనేవారో.

1944 చివర ఎరిక్ గారికి తలనొప్పులు మొదలైనవి. ఎన్నడును నవ్వు మాయని ముఖము వాడిపోయినది. తన విశ్వాసమునకు దిగులు ఎట్లు పట్టినదని ఆయనే చింతించారు. పని ఎక్కువై నరములు అలసినవనుకొన్నారు వైద్యులు. శిబిరపు ఆసుపత్రిలో పరీక్షించుటకు తగిన పరికరములు లేవు. అది మెదడులో గడ్డ అని మరణానంతరము తెలిసినది. 1945 జనవరి 1న మన అజరయ్య బిషప్పు గారు దోర్నకల్లులో ప్రభువునందు నిద్రించారు. ఏడు వారముల తరువాత, ఫిబ్రవరి 21న, వెయ్‌షియన్‌లో ఎరిక్ గారు నిద్రించారు. వయస్సు 43. ఆ దినముననే భార్యకు ఉత్తరము పంపారు. శిబిరమునకు విడుదల ఆగస్టు 17న వచ్చింది. కెనడాలో ఫ్లారెన్సు గారికి మరణ వార్త మే నెలలో చేరింది.

సమాధి మీద ఒక చెక్క సిలువ పాతి, బూటు పాలీషుతో పేరు వ్రాశారు. కాలక్రమమున ఆ సిలువ పోయినది, సమాధి ఆనవాలును చెరిగినది. 1991లో ఎడింబరో విశ్వవిద్యాలయమువారు స్కాట్లండు నుండి రాతిపలక తెప్పించి అక్కడ నిలిపారు.

శిబిరములోని చీఫూ పాఠశాల పిల్లలలో స్టీఫెన్ మెట్కాఫ్ అనే పదునేడేండ్ల బాలుడుండెను. ఎరిక్ గారి బైబిలు తరగతిలో కొండమీది ప్రసంగము చదువుచు, శత్రువులను ప్రేమించుట అనుచోట పిల్లలు ఆగిపోయారు. కావలి కాసే జపాను సైనికులను ప్రేమించుట ఎట్లని వారి సందేహము. ముందు వారి కొరకు ప్రార్థించుట మొదలుపెట్టమని ఎరిక్ గారు చెప్పారు. తానును ప్రతి ఉదయము అట్లే చేయుచుంటినన్నారు. ఆ చలికాలములో స్టీఫెన్ చెప్పులు అరిగి ఊడిపోగా, ఎరిక్ గారు తన పాత పరుగు బూట్లను దారముతో కుట్టి, కట్టి, అతని చేతిలో పెట్టారు. మూడు వారములకే ఆయన మరణించారు. శవపేటికను మోసినవారిలో స్టీఫెన్ ఒకడు. అతని కాళ్ళకు ఆ బూట్లే ఉన్నవి. బ్రతికి బయటపడితే జపానుకు సువార్త తీసికొనిపోయెదనని ఆ బాలుడు దేవునికి మాట ఇచ్చుకొన్నాడు. 1952లో మిషనెరీగా జపాను చేరి, దాదాపు నలుబది ఏండ్లు అక్కడ పనిచేశాడు.